ఆయిల్ కారితే సీసా మందు పోయాలా, సీల్ మార్చాలా?

బండి బాగోగులు – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎండలు ముదిరితే ఇంజన్ ఆయిల్ పలచబడుతుంది, పాత బళ్ళ కింద మరకలు పెరుగుతాయి. ఈసారి నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే అడిగాయి: ఇంజన్ విప్పకుండానే లీకేజీ ఆపుతుందని అమ్మే సీసా మందు పాత బండిలో పోయవచ్చా? అందుకే ఈ సంచికను ఆ ఒక్క విషయానికే కేటాయించాం.

నాది 2009 మోడల్ స్ప్లెండర్, ఏపీ 24 నంబరు. ముందు స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం) దగ్గర ఆయిల్ కారుతోంది. రాత్రి నిలబెడితే తెల్లారేసరికి రూపాయి బిళ్ళంత మరక. స్పేర్ పార్ట్స్ దుకాణంలో లీకేజీ మందు ఇచ్చారు. సీసా మీద నాలుగు లీటర్ల ఆయిల్‌కు ఒకటి అని ఉంది. నా బండికి ఎంత పోయాలె? – రైతు, హాలియా

పోయకండి. ఎంత అన్నది తర్వాతి మాట. మీ లీకేజీకి ఆ సీసా అవసరమే లేదు.

ఇలాంటి మందుల్లో ముఖ్యంగా రెండు రకాల సరుకు ఉంటుంది. ఒకటి రబ్బరును మెత్తబరిచి ఉబ్బించే ద్రవం. తిరిగే షాఫ్ట్ చుట్టూ ఆయిల్ కారకుండా పట్టే రింగులు, అంటే ఆయిల్ సీల్స్, చాలావరకు నైట్రైల్ రబ్బరువి. ఏళ్ళ తరబడి వేడికి ఉడికితే రబ్బరులోని మెత్తదనం పోతుంది, సీల్ పెదవి (షాఫ్ట్‌ను తాకే అంచు) గట్టిపడి షాఫ్ట్‌ను గట్టిగా పట్టుకోలేదు. మందు ఆ రబ్బరులోకి ఇంకి కొంచెం ఉబ్బిస్తుంది కాబట్టి పెదవి మళ్ళీ షాఫ్ట్‌ను తాకుతుంది. రెండోది ఆయిల్‌ను చిక్కబరిచే పాలిమర్. చిక్కటి ఆయిల్ సన్న సందులోంచి నెమ్మదిగా కారుతుంది. కొన్ని రకాల్లో సందులు పూడ్చే సన్నటి రేణువులు కూడా కలుపుతారు. సీసా అడుగున మడ్డి కనబడితే అవి ఉండవచ్చు.

ఈ మందులు ఎక్కువగా కారును దృష్టిలో పెట్టుకుని తయారైనవి. కారులో ఇంజన్ ఆయిల్ ఇంజన్‌కే పరిమితం. గేర్‌బాక్స్‌కు వేరే ఆయిల్, క్లచ్ పొడిగా బయట ఉంటుంది. మీ స్ప్లెండర్‌లో లీటరుకు కాస్త తక్కువగా ఉండే ఒకే ఆయిల్ ఇంజన్‌కూ, గేర్లకూ, క్లచ్‌కూ పనిచేయాలి. క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే తడుస్తూ, ఆ తడిలోనే ఒకదాన్నొకటి పట్టుకోవాలి. అందుకే బైక్ ఆయిల్ డబ్బా మీద జపాన్ ప్రమాణమైన జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని రాస్తారు: ఈ ఆయిల్‌లో క్లచ్ జారదని పరీక్షించారని దాని అర్థం. ఆ ఆయిల్‌లో మీరు ఇంకేదైనా కలిపితే ఆ పరీక్ష మీ బండికి వర్తించదు. పైగా గేరు పళ్ళు పొడవాటి పాలిమర్ అణువులను నలిపి తుంచేస్తాయి. ఇవాళ చిక్కగా ఉన్న ఆయిల్ కొన్ని వందల కిలోమీటర్లకే పలచబడి, ఆగిన లీకేజీ మళ్ళీ మొదలవుతుంది.

కొలత కూడా అడిగారు కాబట్టి చెబుతున్నాం. 300 మిల్లీలీటర్ల సీసా నాలుగు లీటర్లకైతే లీటరుకు వచ్చేది 75. మీ బండికి 65 దాటకూడదు. సీసా మొత్తం వంచితే మోతాదు నాలుగింతలు దాటుతుంది. కారుతున్న సీల్‌తో పాటు బాగున్న సీల్స్ కూడా ఉబ్బి, మెత్తబడి, ఆకారం కోల్పోతాయి. ఒకసారి అలా పాడైన రబ్బరు తిరిగి బాగుపడదు.

ఇక మీ లీకేజీ సంగతి. స్ప్రాకెట్ వెనక ఉండే సీల్‌ను ఈ బండిలో ఇంజన్ విప్పకుండా బయటి నుంచే మార్చవచ్చు. సీసా కన్నా సీల్ చవక. పనికి గంట చాలు. ముందు బండి డబుల్ స్టాండ్ వేసి, ఎడమ వైపుకు కాస్త ఎత్తు ఇవ్వండి, ఆయిల్ తీయక్కర్లేదు. గేర్ రాడ్ విప్పి, ఎడమ కవర్ తీయండి. వెనక చక్రం యాక్సిల్ వదులు చేసి చైన్ దించండి. స్ప్రాకెట్‌ను పట్టి ఉంచే చిన్న ప్లేటుకు రెండు బోల్టులుంటాయి, పదో నంబరు పానాతో వస్తాయి. స్ప్రాకెట్ లాగేశాక పేరుకున్న గ్రీజు, మట్టి ముద్దను పూర్తిగా తుడవండి. తుడవకుండా సీల్ పీకితే ఆ మట్టి గేర్‌బాక్స్‌లో పడుతుంది.

ఇక్కడ ఆగి రెండు సంగతులు చూడాలి, చాలామంది వీటిని వదిలేస్తారు. షాఫ్ట్‌ను చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. లొడలొడలాడితే బేరింగ్ పోయింది, కొత్త సీల్ నెల కూడా ఆగదు. తర్వాత, సీల్ తీశాక షాఫ్ట్ మీద పెదవి ఆనే చోట గోరుతో గీయండి. గోరు తట్టుకునేంత గాడి పడి ఉంటే కొత్త సీల్‌ను పాత చోటే కూర్చోబెట్టకండి, ఒక మిల్లీమీటరు బయటికి ఉంచండి, పెదవి నునుపు భాగం మీద ఆనుతుంది. ఇనుములో పడిన గాడిని ఏ సీసా మందూ పూడ్చలేదు.

పాత సీల్‌ను స్క్రూడ్రైవర్‌తో అంచు నుంచి ఎత్తండి, షాఫ్ట్‌కు గీత పడకూడదు. సీల్ మీద మూడు అంకెలుంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. దుకాణంలో ఆ అంకెలు చూపించి తెచ్చుకోండి. కొత్త సీల్‌లో స్ప్రింగు కనిపించే వైపు ఇంజన్ లోపలికి ఉండాలి. పెదవికి కొంచెం గ్రీజు రాసి, షాఫ్ట్ పళ్ళ మీద పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్టి జార్చండి, లేకపోతే ఆ పళ్ళే పెదవిని కోస్తాయి. సీల్ వెడల్పుకు సరిపోయే బాక్స్ పానా అడ్డం పెట్టి, చుట్టూ సమంగా మెల్లగా తట్టండి.

చివరికి చైన్ బిగింపు. కింది వరుస నడిమిలో 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. బత్తాయి సంచులో, ఎరువు బస్తాలో వేసుకుని తిరిగే బండి చైన్‌ను చాలామంది వీణ తీగలా బిగించి పెడతారు. బరువు పడ్డప్పుడు అది ఇంకా బిగిసి షాఫ్ట్‌ను లాగుతుంది, ఆ లాగుడుకు బేరింగ్, సీల్ రెండూ పోతాయి. మీ సీల్ పోవడానికి కారణం అదే కావచ్చు. ఈ లీకేజీని నిర్లక్ష్యం చేయొద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది: అక్కడ కారిన ఆయిల్‌ను చైన్ మోసుకెళ్ళి వెనక టైరు మీద చిమ్ముతుంది. మూలమలుపులో టైరు జారితే ప్రాణాల మీదికి వస్తుంది.

లీకేజీ మందు ఇప్పటికే పోసేశాను. లీకేజీ కొంచెం తగ్గింది కానీ పాల క్యాన్లతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. – పాల వ్యాపారి, కల్వకుర్తి

క్లచ్ జారుతోంది. ఇలాగే నడిపితే ప్లేట్లు మాడిపోతాయి, కాబట్టి బరువు వేయడం ఈ రోజే ఆపండి.

ముందు క్లచ్ వైరుకు లీవర్ దగ్గర కాస్త ఆట ఉందో లేదో చూడండి. వైరు బిగుసుకుని ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఆట సరిగ్గా ఉంటే తప్పు ఆయిల్‌దే. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే ఆయిల్ దించి, బండిని రెండు వైపులా వంచి పావుగంట కారనివ్వండి. ఎంత దించినా కవర్లలో, క్లచ్‌లో, పైన హెడ్‌లో కొంత ఉండిపోతుంది, అందుకే ఒక్కసారి మారిస్తే మందు పూర్తిగా పోదు. జాసో ఎంఏ ఆయిల్ పోసి 150 నుంచి 200 కిలోమీటర్లు ఖాళీ బండి నడిపి, మళ్ళీ మార్చండి. మొదటిసారి చవక రకం జాసో ఎంఏ ఆయిల్ చాలు. డీజిలో కిరోసినో పోసి ఇంజన్ తిప్పి కడగమని ఎవరైనా చెబితే వినకండి. వాటికి బేరింగులను కాపాడే పొర ఉండదు.

రెండో మార్పు తర్వాతా జారితే కుడి కవర్ విప్పాలి. ఫ్రిక్షన్ ప్లేట్లు నల్లబడకుండా, మందం సరిపడా ఉంటే పెట్రోల్‌తో కడిగి ఆరబెట్టి, స్టీల్ ప్లేట్ల మెరుపు పోయేలా గరుకు కాగితంతో గుండ్రంగా రుద్ది, కొత్త ఆయిల్‌లో కొన్ని గంటలు నానబెట్టి బిగించవచ్చు. మాడు వాసన ఉంటే సెట్టు మార్చాల్సిందే, స్ప్రింగులతో సహా. కవర్ ఎలాగూ విప్పారు కాబట్టి ఆయిల్ జాలీనీ, గుండ్రంగా తిరిగే ఫిల్టర్ గిన్నెనూ శుభ్రం చేయండి. ఈ రకం బళ్ళలో కాగితం ఫిల్టర్ ఉండదు, మడ్డి ఆ గిన్నె గోడలకే అంటుకుంటుంది. మీరు పోసిన మందులో రేణువులుంటే అక్కడ జిగట ముద్దలా దొరుకుతాయి. ఆ ముద్ద జాలీని మూస్తే హెడ్‌కు ఆయిల్ అందదు, వాల్వులను నడిపే క్యామ్, రాకర్లు పొడిగా అరుగుతాయి.

ఇంజన్ కింద అంతా తడే. ఎక్కడి నుంచి కారుతుందో ముగ్గురు మెకానిక్‌లు మూడు రకాలుగా చెప్పారు. – ఉపాధ్యాయుడు, నకిరేకల్

నడిచే బండిలో గాలి ఆయిల్‌ను వెనక్కి, కిందికి తోస్తుంది. తడి ఎక్కువగా ఉన్న చోటు కాదు, తడి మొదలైన చోటు చూడాలి. తడిలో అన్నిటికన్నా పైనా, అన్నిటికన్నా ముందూ ఉన్న బిందువే లీకేజీ మూలం.

ఇంజన్ చల్లారాక బ్రష్‌తో కిరోసిన్ రాసి కడగండి. నీళ్ళు కొట్టి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. మొహానికి రాసుకునే టాల్కం పౌడర్‌ను ఇంజన్ జాయింట్ల మీద పలచగా చల్లండి. ముగ్గుపిండి వాడకండి, అది గరుకు. పది కిలోమీటర్లు నడిపి, వెంటనే టార్చి వేసి చూడండి. పౌడర్ మీద మొదట ముదురు రంగు ఎక్కిన చోటే మీ జవాబు. టాపెట్ మూతలైతే లోపలి రబ్బరు రింగులు మార్చడం అయిదు నిమిషాల పని. డ్రెయిన్ బోల్టు దగ్గరైతే అల్యూమినియం వాషర్ మార్చండి, బోల్టును ఇంకా బిగించకండి, మరలు పోతాయి. హెడ్, బోరు (పిస్టన్ కదిలే సిలిండర్) కలిసే చోటో, బోరు అడుగు ప్యాకింగ్ దగ్గరో అయితే సీసా మందు అసలే పనిచేయదు. అక్కడ ఉన్నవి కాగితమూ లోహమే, రబ్బరు కాదు. ముందు బోల్టులు వదులయ్యాయేమో చూసి, కంపెనీ చెప్పిన బిగింపుతో, ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెంగా బిగించండి. ఆగకపోతే ప్యాకింగ్ మార్చండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఒక్క చోట కాకుండా రెండు మూడు చోట్ల ఒకేసారి లీకేజీ మొదలైతే సీల్స్‌ను అనుమానించే ముందు బ్రీదర్ పైపు చూడండి. పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా క్రాంక్ కేసులో (ఇంజన్ అడుగు పెట్టెలో) గాలి ఒత్తిడి పెరుగుతుంది, అది ఈ పైపు గుండానే బయటికి పోవాలి. పైపు నలిగినా, మట్టి పట్టినా, వాడకుండా నిలబెట్టిన బండిలో కుమ్మరి పురుగు గూడు కట్టినా ఒత్తిడి సీల్స్ మీద పడుతుంది. పైపు తీసి నోటితో ఊది చూడండి, గాలి సులువుగా పోవాలి. ఆయిల్ ఎక్కువ పోసినా ఇదే గతి. స్ప్లెండర్ లాంటి బళ్ళలో డిప్‌స్టిక్‌ను తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. బండి డబుల్ స్టాండ్ మీద, నేల సమంగా, ఇంజన్ ఆపి రెండు మూడు నిమిషాలయ్యాక. సైడ్ స్టాండ్ మీద చూస్తే లెక్క తప్పుతుంది. పై గీత దాటి ఉంటే అదనపు ఆయిల్ తీసేయండి. చాలా బళ్ళకు ఇక్కడే లీకేజీ ఆగిపోతుంది.

పొద్దున స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి నీలం పొగ, తర్వాత ఉండదు. లీకేజీ మందు దీనికి పనికొస్తుందని చెప్పారు. – చిరు వ్యాపారి, అచ్చంపేట

మీరు చెప్పింది వాల్వ్ సీల్స్ లక్షణం. రాత్రంతా హెడ్‌లోని ఆయిల్ వాల్వ్ కాడ మీదుగా కిందికి జారి, పొద్దున్నే మండిపోతుంది. మీ ప్రాంతంలోనే మంచి పరీక్ష ఉంది. శ్రీశైలం దారిలో ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు ఘాట్ దిగేటప్పుడు బండిని గేరులోనే ఉంచి, రేస్ పూర్తిగా వదిలి దిగండి. అప్పుడు ఇంజన్ లోపల పీల్పు ఎక్కువై వాల్వ్ గైడ్ల (వాల్వ్ కాడ కదిలే గొట్టాల) నుంచి ఆయిల్ లోపలికి వస్తుంది. కిందికి వచ్చాక రేస్ ఇచ్చినప్పుడు వెనక వచ్చే మనిషికి ఒక్కసారిగా నీలం పొగ కనిపిస్తే వాల్వ్ సీల్సే. అలా కాకుండా ఎత్తు ఎక్కేటప్పుడు, రేస్ ఇచ్చినంతసేపూ పొగ వస్తూ, బ్రీదర్ పైపు నుంచి కూడా పొగ తోస్తుంటే రింగులు, బోరు అరిగాయి.

రింగులైతే మందు దండగ, అవి ఇనుపవి. వాల్వ్ సీల్స్ రబ్బరువే అయినా వేడిని తట్టుకునే వేరే రకం రబ్బరు వాడతారు, నైట్రైల్‌ను ఉబ్బించినట్టు వాటిని ఉబ్బించడం కుదరదు. పైగా గైడ్ అరిగి వాల్వ్ ఊగుతుంటే కొత్త సీల్ కూడా నిలవదు. హెడ్ దింపినప్పుడు వాల్వ్‌ను కాస్త పైకి లేపి పక్కకు ఊపించి చూడమని మెకానిక్‌ను అడగండి. గైడ్ బాగుంటే సీల్స్, హెడ్ ప్యాకింగ్‌తో పని అయిపోతుంది. బోరింగ్ (అరిగిన బోరును కోసి పెద్ద పిస్టన్ వేయడం) చేయించాల్సి వస్తే 0.25 మిల్లీమీటర్ల పెద్ద సైజుతో మొదలుపెట్టండి. అరుగుదల ఎక్కువ లేకుండానే నేరుగా 0.50కి వెళ్తే ఇంజన్‌కు మిగిలిన ఒక అవకాశాన్ని చెత్తబుట్టలో వేసినట్టే.

హెడ్ దింపే వీలు వెంటనే లేకపోతే, వారానికి రెండుసార్లు ఆయిల్ లెవల్ చూస్తూ నడపండి. పొగ కన్నా ప్రమాదం, చూడకుండా ఆయిల్ అయిపోవడం.

మా నాన్నగారి పాత బుల్లెట్ 350, క్యాస్ట్ ఐరన్ ఇంజన్. నెల రోజులు నిలబెట్టి స్టార్ట్ చేస్తే కింద గిన్నెడు ఆయిల్ పడింది. ఇందులో క్లచ్ ఆయిల్ వేరు కదా, మందు పోయొచ్చా? – రైస్‌మిల్లు యజమాని, మిర్యాలగూడ

క్లచ్ సంగతి మీరు సరిగ్గా పట్టుకున్నారు. పాత బుల్లెట్‌లో క్లచ్ ఎడమ వైపు ప్రైమరీ కేసులో వేరే ఆయిల్‌లో ఉంటుంది, గేర్‌బాక్స్ కూడా వేరు. కాబట్టి ఇంజన్ ఆయిల్‌లో కలిపింది క్లచ్‌ను తాకదు. అయినా మీ సమస్యకు మందు పనికిరాదు, ఎందుకంటే మీ బండిలో పోయింది సీల్ కాదు.

నిలబెట్టిన రోజుల్లో ఇంజన్‌లోనే ఉండే ఆయిల్ ట్యాంకు గది నుంచి ఆయిల్ పంపు గుండా మెల్లగా క్రాంక్ గదిలోకి జారిపోతుంది. స్టార్ట్ చేయగానే ఫ్లైవీల్ ఆ ఆయిల్‌ను చిలికి బ్రీదర్ గుండా బయటికి నెడుతుంది. కిందపడిన గిన్నెడు అదే. స్టార్ట్ చేయకముందు క్రాంక్ కేసు డ్రెయిన్ బోల్టు విప్పి, దిగిన ఆయిల్‌ను శుభ్రమైన గిన్నెలో పట్టి, తిరిగి ఆ ఆయిల్ ట్యాంకులోనే పోయండి. కొంతమంది మెకానిక్‌లు డిప్‌స్టిక్‌లో ఆయిల్ లేదని చూసి ఇంకో లీటరు పోస్తారు, అప్పుడు రెండింతలవుతుంది. ఇలా జారడం ఎక్కువైతే పంపులను పరిశీలించాలి. పదిహేను రోజులకోసారి అయిదారు కిలోమీటర్లు నడిపితే ఈ బాధ బాగా తగ్గుతుంది.

ఆయిల్ 20డబ్ల్యూ-50 (చిక్కదనం గ్రేడు) వాడండి. ప్రైమరీ కేసు నుంచి కారేది మాత్రం చాలాసార్లు కవర్ రబ్బరు సీల్ నలిగిపోవడం వల్లే. కొత్తది గాడిలో సరిగ్గా కూర్చోబెట్టి, నడిమి నట్టును మోతాదుగా బిగిస్తే చాలు. గట్టిగా బిగిస్తే కవర్ వంగి ఇంకా కారుతుంది.

యమహా ఆర్ఎక్స్100లో గేర్ ఆయిల్ తగ్గిపోతోంది, కింద చుక్క లేదు, తెల్ల పొగ ఎక్కువ. – విద్యార్థి, మహబూబ్‌నగర్

కుడి వైపు క్రాంక్ సీల్ పోయింది. టూ స్ట్రోక్‌లో క్రాంక్ గది పెట్రోల్ కలిసిన గాలిని పీలుస్తుంది. సీల్ పోతే పక్క గదిలోని గేర్ ఆయిల్‌ను కూడా పీల్చి కాలుస్తుంది. ఎడమ వైపు, మాగ్నెట్ సీల్ పోతే బయటి గాలి పీలుస్తుంది. అప్పుడు రేస్ దానంతటదే పెరిగి, మిశ్రమం పలచనై పిస్టన్ పట్టేస్తుంది. 1996లో తయారీ ఆగిన బండి, సీల్స్‌కు ముప్పై ఏళ్ళ వయసు. గేర్ ఆయిల్‌లో మందు కలిపితే అది కూడా కాలి ప్లగ్గును పాడుచేస్తుంది తప్ప లాభం లేదు. రెండు సీల్స్ కలిపి మార్చండి. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది, అది ఈ సీల్స్ మీదుగానే పోతుంది. దొరికితే ఫ్లోరో రబ్బరు రకం తీసుకోండి. పిస్టన్ పట్టేసేదాకా ఆగకండి.

నేను మెకానిక్‌ను. అన్నిటికీ వద్దంటున్నారు. అసలు ఏ బండికీ పనికిరాదా? కస్టమర్ దగ్గర ఇంజన్ విప్పించే డబ్బు లేనప్పుడు ఏం చేయాలె? – సూర్యాపేట

న్యాయమైన ప్రశ్న. పనికొచ్చే సందర్భం ఒకటుంది, కానీ చాలా ఇరుకు.

కారేది సీల్ నుంచే అని పౌడర్ పరీక్షతో తేలాలి. అది క్రాంక్ కేసు విప్పితే తప్ప చేతికి రాని సీల్ అయి ఉండాలి, కొన్ని బళ్ళలో స్ప్రాకెట్ సీల్‌కు లోపలి వైపు అంచు ఉండి కేసు విప్పకుండా రాదు. షాఫ్ట్‌లో ఊగులాట ఉండకూడదు. లీకేజీ చెమ్మ స్థాయిలోనే ఉండాలి: తుడిస్తే రెండు రోజులకు మళ్ళీ తడవడం చెమ్మ, నేల మీద మరక పడితే చుక్క. చుక్కకు మందు వద్దు. బండి చాలాకాలం నిలబడి రబ్బరు ఎండిపోయి ఉంటే ఫలితం కాస్త ఎక్కువ, ఎందుకంటే అక్కడ పెదవి అరగలేదు, గట్టిపడింది, అంతే. ముందు మందు లేకుండా కొత్త ఆయిల్‌తో 300 కిలోమీటర్లు నడపండి. ఎండిన రబ్బరు కొంతవరకు దానంతటదే తడిసి కుదురుకుంటుంది, చాలాసార్లు ఆపైన ఏదీ అక్కర్లేదు.

అప్పటికీ ఆగకపోతే, తడి క్లచ్ బైకులకు అని సీసా మీదే స్పష్టంగా రాసి ఉన్న రకం తీసుకోండి. లీటరు లెక్కన కొలిచి, చెప్పిన మోతాదులో సగంతో మొదలుపెట్టండి. మందు ఎంత పోస్తారో అంత ఆయిల్ తగ్గించండి, లేకపోతే లెవల్ పై గీత దాటుతుంది. తెల్ల కాగితం మీద బండి నిలబెట్టి, ఎనిమిది గంటలకు పడిన మరకను మందు పోయకముందు ఒకసారి, 200, 500 కిలోమీటర్ల దగ్గర మళ్ళీ చూడండి. తేడా లేకపోతే ఆయిల్ మార్చేయండి, రెండో సీసా పోయకండి. తేడా ఉన్నా తదుపరి ఆయిల్ మార్పుకు మందు లేకుండా నింపండి. కస్టమర్‌కు మాత్రం ఇది కొన్ని నెలల వెసులుబాటు అని, మరమ్మతు కాదని ముందే చెప్పండి. మీ మాట మీద నమ్మకంతోనే ఆ బండి మళ్ళీ మీ దుకాణానికి వస్తుంది.

డబ్బు ఇబ్బందే అసలు సంగతైతే సీసా కన్నా మంచి దారి ఆయిల్‌ను ఒక మెట్టు చిక్కబరచడం. 10డబ్ల్యూ-30 వాడే పాత బండికి ఎండాకాలంలో 20డబ్ల్యూ-40, జాసో ఎంఏ గుర్తుతో. మే నెలలో 44 డిగ్రీల ఎండలో అది ఇబ్బంది పెట్టదు. అంతకు మించి వద్దు. ట్రాక్టర్‌లో మిగిలిన 90 నంబరు గేర్ ఆయిల్ కలపడం మన దగ్గర ఇంకా అక్కడక్కడా జరుగుతోంది. ఆ ఆయిల్ ఇంజన్ కోసమో, తడి క్లచ్ కోసమో తయారైంది కాదు, కలపకండి.

సెకండ్ హ్యాండ్ బండి కొనాలనుకుంటున్నాను. మందు పోసి లీకేజీ, పొగ దాచారో లేదో ఎట్ల తెలుసుకోవాలె? – జడ్చర్ల

బండి చూడటానికి పొద్దున్నే వెళ్ళండి, ఇంజన్ వేడి చేసి పెట్టొద్దని ముందే చెప్పండి. చెప్పినా వేడిగా ఉంటే అదే ఒక జవాబు. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ జారడం చూడండి. మామూలు ఆయిల్ చుక్కలుగా రాలుతుంది. చిక్కబరిచిన ఆయిల్ తేనెలా తీగ సాగుతుంది. రెండు వేళ్ళ మధ్య అద్ది విడదీస్తే దారం లాగా సాగినా అనుమానించండి. ఆ వేళ్ళను వాసన చూడండి, ఘాటైన ద్రావకం వాసన రాకూడదు.

ఇంజన్ మాత్రం తళతళలాడుతూ మడ్‌గార్డ్ లోపల మట్టి ఉంటే నిన్ననే కడిగారన్నమాట. జాయింట్ల వెంట బూడిద రంగో, ఎర్ర రంగో సిలికాన్ పేస్టు బయటికి ఉబ్బి కనిపిస్తే లోపలికి కూడా అంతే ఉబ్బి ఉంటుంది. ఆ ముక్కలు తెగి ఆయిల్ జాలీని మూస్తాయి. స్టార్ట్ చేసి ఒకరు సైలెన్సర్ దగ్గర, ఒకరు బ్రీదర్ పైపు దగ్గర నిలబడండి. ఆ తర్వాత ఇద్దరు కూర్చుని ఎత్తు మీద మూడో గేరులో రేస్ ఇవ్వండి, శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ పోయింది. కుదిరితే రాత్రంతా అట్ట ముక్క మీద నిలబెట్టించి, మర్నాడు అట్టను చూశాకే డబ్బు మాట్లాడండి. పదిహేనేళ్ళు దాటిన బండైతే ఆర్‌సీ రెన్యువల్ అయిందో లేదో చూడటం మరవకండి.

రాయి తగిలి క్రాంక్ కేసుకు సన్న పగులు వచ్చింది. ఎం-సీల్ పెడితే ఆగుతుందా? – నారాయణపేట

లేత్ పనివాళ్ళ దాకా చేర్చుకోవడానికి పెట్టవచ్చు. ఆయిల్ దించి, పగులు చుట్టూ రెండంగుళాల మేర గరుకు కాగితంతో తెల్ల లోహం తేలేలా గీకి, పెట్రోల్‌తో రెండుసార్లు తుడవండి. చిన్న తడి ఉన్నా అంటుకోదు. రెండు ముద్దలు సమానంగా కలిపి, రంగు ఒకటయ్యేదాకా పిసికి, పగులులోకి నొక్కి పెట్టండి. పూర్తి రోజు ఆరాకే ఆయిల్ పోయండి. వేడికి, అదురుకు పగులు పాకుతూనే ఉంటుంది కాబట్టి నెలలోపు ఇంజన్ దింపి ఆర్గాన్ వెల్డింగ్ చేయించండి. వెల్డింగ్‌కు ముందు పగులు రెండు కొసల్లో సన్న రంధ్రం వేయమనండి, లేకపోతే అతుకు పక్క నుంచే మళ్ళీ చీలుతుంది.